నెత్తురిచ్చినం... సంగతి చెప్పరా?

కొత్త మందు పుట్టాలన్నా, పాత మందు పనిచేస్తుందో లేదో తేలాలన్నా మనుషులు ముందుకు రావాలి. ములుగు గూడేల నుంచి వరంగల్ పెద్దాసుపత్రి దాకా రోగులు ఎప్పుడు సరేనంటారు, ఎందుకు జంకుతారు? డాక్టర్లు ఎందుకు అడగరు?

2022 మార్చి 5న అప్పటి ఆరోగ్యశాఖ మంత్రి హరీశ్‌రావు ములుగులో తెలంగాణ హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి ఆరోగ్య వివరాలూ సేకరించి కంప్యూటర్‌కెక్కించాలన్నది ఆలోచన. రాష్ట్రమంతా చేసే ముందు రెండు జిల్లాల్లో చేసి చూద్దామనుకున్నారు. ఒకటి రాజన్న సిరిసిల్ల, రెండోది ములుగు. ఆశా కార్యకర్తలూ ఏఎన్‌ఎంలూ ఇంటింటికీ తిరిగారు. ఎత్తు, బరువు, బీపీ, షుగర్ చూశారు. పరీక్షలకు నెత్తురు తీశారు.

ములుగు మనిషికి సూది కొత్త కాదు. వానాకాలం వచ్చిందంటే ఏటూరునాగారం, తాడ్వాయి, కన్నాయిగూడెం, వాజేడు గూడేల్లో జ్వరం తగిలిన వాళ్ల వేలికొసన గుచ్చి మలేరియా పరీక్ష చేస్తారు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లందరి నెత్తురూ చూడాలని లక్ష్యం పెట్టుకున్నారు. జబ్బు ముదిరితే దారి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికే. అక్కడ మళ్లీ సూది. పీజీ చదివే ప్రతి డాక్టరూ ఏదో ఒక అంశం మీద థీసిస్ రాయాలి కాబట్టి, బోధనాసుపత్రిలో మంచమెక్కిన రోగి ఎప్పుడో ఒకప్పుడు ఒక పరిశోధనలో భాగమయ్యే అవకాశం ఎక్కువ.

ఇచ్చేవాడికి ఈ సూదులన్నీ ఒకటే. తీసేవాడికి మాత్రం వేరు. జ్వరం పరీక్ష నా కోసం. ఇంటింటి సర్వే ప్రభుత్వం లెక్క కోసం, ఆ లెక్కతో రేపు వైద్యం బాగుపడితే అందరి కోసం. పరిశోధన సంగతి వేరే. ఇంతవరకూ ఎవరికీ తెలియనిదాన్ని తెలుసుకోవడానికి చేసే పని అది. దానివల్ల నాకు మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు, ఒక్కోసారి కీడూ జరగొచ్చు. ఈ తేడాను రోగికి విడమరిచి చెప్పాల్సిన బాధ్యత సూది పట్టుకున్నవాళ్లది. మన దగ్గర ఎక్కువసార్లు తప్పిపోతున్నది ఆ ఒక్క పనే. పల్లె జనం పరిశోధనకు అడ్డం అంటూ ఉంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఈ నేలమీద జరిగిన సంగతులు ఆ మాటకు సాక్ష్యం పలకవు.

గోదావరి అవతల ఏం జరిగింది?

వాజేడు, వెంకటాపురం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నాయి. 2016 దాకా అవి ఖమ్మం జిల్లా మండలాలు. ఆ పాత ఖమ్మం జిల్లాలో 2009 జూలైలో ఒక టీకా కార్యక్రమం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా అది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇంకో కంపెనీ టీకాతో ఇలాంటిదే నడిచింది.

భద్రాచలం చుట్టుపక్కల పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో. కాగితం మీద సంతకం ఎవరిది? వార్డెన్లది. పిల్లల తరఫున హెడ్‌మాస్టర్లు, వార్డెన్లు సంతకాలు చేయవచ్చని పైనుంచే ఆదేశాలు వెళ్లాయి. తర్వాత పార్లమెంటు స్థాయీసంఘం ఈ వ్యవహారాన్ని తవ్వి 2013 ఆగస్టులో నివేదిక ఇచ్చినప్పుడు ఆ లెక్కలు బయటికొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద వార్డెన్ల సంతకాలున్నాయి. 1,948 మీద వేలిముద్రలున్నాయి. ఆ వేలిముద్ర వేసిన తల్లికో తండ్రికో కాగితంలో ఏముందో ఎవరు చదివి వినిపించారు, ఏ భాషలో వినిపించారు అన్నదానికి ఆ కాగితాల్లో జవాబు లేదు.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఐదుగురు మనవాళ్లు. 2010 మార్చిలో ‘సమ’ అనే మహిళా సంస్థ సభ్యులు భద్రాచలం ప్రాంతంలో తిరిగి తల్లిదండ్రులతో, వార్డెన్లతో మాట్లాడి, చూసింది బయటపెట్టారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. నీట మునగడం, పురుగుమందు, పాముకాటు, జ్వరం వంటి కారణాలతో పోయిన ఆ ప్రాణాలకూ టీకాకూ సంబంధం ఉండే అవకాశం లేదని విచారణ కమిటీ తేల్చింది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ పిల్లల తల్లిదండ్రులకు ఆ నిజం ఎవరు చెప్పాలి, చెప్పినా ఎందుకు నమ్మాలి? టీకా వేసేటప్పుడు అడగనివాళ్లు, పిల్ల పోయాక వచ్చి ‘మా టీకా వల్ల కాదు’ అంటే ఏ తల్లి తలూపుతుంది? పైగా పిల్లలకు ఏమైనా ఇబ్బంది వస్తే కనిపెట్టే ఏర్పాటే సరిగా లేదని స్థాయీసంఘం తప్పుపట్టింది. ఈ టీకా పనిని పరిశీలన కార్యక్రమం అని పిలిచినా నిజానికి ఇది మనుషుల మీద జరిగిన ప్రయోగమేనని తేల్చిచెప్పింది.

ఈ వ్యవహారం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు ఆధారంగా చూడవచ్చా అన్న పెద్ద ప్రశ్న మీద 2018 మే 9న తీర్పు వచ్చింది. చూడవచ్చు అన్నది ధర్మాసనం. న్యాయశాస్త్రం చదివేవాళ్లు కల్పనా మెహతా కేసుగా దాన్ని చదువుకుంటారు. దాని మూలం భద్రాచలం హాస్టళ్లలో ఉందని ఎంతమందికి తెలుసు?

నష్టం ఎవరికి?

ఇక్కడితో ఆపేస్తే కథ సగమే చెప్పినట్టు. ఆ టీకా చెడ్డది కాదు. ప్రపంచమంతటా కోట్లాది మంది ఆడపిల్లలకు వేశారు, పనిచేస్తోంది. మన దేశంలో 2020 అంచనాల ప్రకారం ఏటా సుమారు 1.2 లక్షల మంది ఆడవాళ్లు ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు, 77 వేల మంది చనిపోతున్నారు. ములుగు వంటి చోట్ల ఈ జబ్బు బయటపడేసరికే ముదిరిపోయి ఉంటుంది. నెలసరి ఆగిన ఆడమనిషికి మళ్లీ నెత్తురు కనిపిస్తే సిగ్గుతో నెలల తరబడి ఎవరికీ చెప్పదు. ఆమెకు చిన్నప్పుడే అందాల్సిన టీకా ఇది. భద్రాచలం తర్వాత ఏళ్లపాటు హెచ్‌పీవీ పేరెత్తడానికే ప్రభుత్వాలు జంకాయి. అడగకుండా చేసిన ఒక పని, అడిగి చేసి ఉంటే ఎందరికో మేలు చేయగల మందును వెనక్కి నెట్టింది. ఈ నష్టాన్ని ఏ కమిటీ లెక్కగట్టలేదు.

అదే ఏప్రిల్ 2010 ఆదేశం మరో పరిశోధననూ మధ్యలో ఆపేసింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దేశంలోని తొమ్మిది కేంద్రాల్లో చేస్తున్న అధ్యయనం అది. ఈ టీకా మూడు డోసులు వేయాలా, రెండు చాలా అన్నది వాళ్ల ప్రశ్న. 17 వేలకు పైగా అమ్మాయిలు చేరారు. ఆదేశంతో టీకాలు ఆగిపోయాయి, దాదాపు ఐదు వేల మంది ఒక్క డోసు దగ్గరే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయలేదు. ఏటేటా కలిశారు, పరీక్షలు చేశారు. ఆ కుటుంబాలూ తలుపు వేసుకోలేదు. పదేళ్ల తర్వాత 2021లో ఫలితం అచ్చయింది. ప్రమాదకరమైన రెండు రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసే 95 శాతం దాకా కాపాడుతోందని తేలింది. ఇతర దేశాల అధ్యయనాలతో పాటు దీన్నీ చూసి, ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మూడు డోసులు కొనలేని పేద దేశాలకు అది ఎంత పెద్ద కబురో చెప్పనక్కర్లేదు.

ఒకే దేశం, ఒకే టీకా, ఒకే నెలలో వచ్చిన నిలుపుదల. భద్రాచలంలో మిగిలింది అనుమానం. రెండో చోట మిగిలింది ప్రపంచానికే పనికొచ్చిన జ్ఞానం. మనిషిని మనిషిగా చూసి ఏళ్ల తరబడి తిరిగి పలకరించడం వల్ల వచ్చిన తేడా ఇదని నా నమ్మకం.

‘మీరెట్లంటే అట్ల సారూ’

వరంగల్ ఆసుపత్రి వార్డుల్లో రోగులను ఏది అడిగినా ఎక్కువగా వినిపించే జవాబు ఇది. డాక్టర్లు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు. అందులో నమ్మకం ఉంది, నిజమే. భయమూ ఉంది. కాదంటే సరిగా చూడరేమో, మంచం ఖాళీ చేయమంటారేమో అన్న భయం. ప్రైవేటుకు పోయే స్తోమత లేని మనిషి నోట ‘సరే’ అన్న మాటకు ఎంత బరువుంటుందో అడిగే డాక్టరు ఆలోచించాలి.

రోగి దృష్టిలో తెల్లకోటు వేసుకున్న మనిషి తనను బాగు చేయడానికే వచ్చాడు. అదే మనిషికి ఇంకో పని కూడా ఉందని, తన జబ్బు నుంచి అతడు ఏదో నేర్చుకోవాలనుకుంటున్నాడని ఊహకందదు. పరిశోధనలో ఇచ్చే ప్రతి మాత్రా తనకు మంచిదని డాక్టరు ఎంచి ఇస్తున్నాడనే అనుకుంటాడు. నిజానికి చాలా అధ్యయనాల్లో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత మందు అన్నది చీటీ వేసినట్టుగా తేలుతుంది. అట్లా తేలకపోతే ఏ మందు మేలో చెప్పలేం. ఈ ముక్క చెబితే రోగి మొహంలో రంగు మారుతుంది. ‘డాక్టరుకే తెల్వదా?’ అంటాడు. తెలియదు కాబట్టే పరిశోధన అని చెప్పడానికి డాక్టరుకు ఓపిక కావాలి, తెలియదని ఒప్పుకునే ధైర్యం కావాలి.

‘ఇంట్ల అడిగి చెప్త’ అన్న మాటను కాదన్నట్టుగా రాసేసుకుని పక్క మంచానికి పోయే తొందర కూడా తప్పే. మన ఇళ్లలో నిర్ణయాలు అట్లాగే జరుగుతాయి. ఆమె మొగుణ్ని అడగాలి, కొడుకుకు ఫోన్ చేయాలి, గూడెం పెద్దమనిషి చెవిన వేయాలి. ఒక రాత్రి గడువిస్తే పొద్దున సమాధానం వస్తుంది, ఆ సమాధానం గట్టిగా నిలబడుతుంది. పెద్దమనిషి ఒప్పుకుంటే గూడెమంతా ఒప్పుకున్నట్టు అనుకోవడం మాత్రం కుదరదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఇదే చెబుతాయి. పెద్దల అనుమతి తీసుకున్నా, ఏ మనిషి ఒప్పుకోలు ఆ మనిషిదే. ఆదివాసుల మీద పరిశోధన అంటే అది ఆదివాసులకే పనికొచ్చే రోగనిర్ధారణకో, చికిత్సకో, నివారణకో సంబంధించినదై ఉండాలని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది.

కాదనేవాళ్ల కారణాలు కూడా వినాలి. నెత్తురు అమ్ముకుంటారన్న పుకారు ఇంకా బతికే ఉంది. వాజేడు నుంచి వరంగల్‌కు ఒకసారి వచ్చిపోతే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. మూడు నెలలకోసారి రమ్మంటే ఎవరు వస్తారు? గోదావరి పొంగితే దారే ఉండదు. సికిల్ సెల్ ఉందని తేలితే పిల్ల పెళ్లి ఆగిపోతుందన్న దిగులు ఇంకోటి. ఇవి అజ్ఞానం వల్ల పుట్టిన భయాలని కొట్టిపారేస్తే మనం మళ్లీ భద్రాచలం దారి పట్టినట్టే.

డబ్బు దారి

రోగులు కాని ఆరోగ్యవంతులు పాల్గొనే పరీక్షలు మరో రకం. కంపెనీ తయారుచేసిన మందు, అప్పటికే ఉన్న మందుతో సమానంగా నెత్తుట్లో చేరుతోందో లేదో చూడడానికి కొన్ని రోజులు మనుషులను తమ దగ్గర ఉంచుకుని, మాత్ర మింగించి, గంట గంటకూ నెత్తురు తీస్తారు. దానికి డబ్బిస్తారు. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతం ఆడవాళ్లను దళారులు ఇట్లా హైదరాబాద్ తీసుకుపోయిన వ్యవహారం బయటపడి, మియాపూర్‌లోని ఒక సంస్థ లైసెన్సును సస్పెండ్ చేశారు. 2017లో మన పక్కనే ఉన్న జమ్మికుంట ప్రాంతం నుంచి ఇట్లా వెళ్లిన ఒక యువకుడు చనిపోవడంతో ప్రభుత్వం విచారణకు ఆదేశించాల్సి వచ్చింది.

అప్పులున్నవాడికి పదివేలు చూపించి ‘ఇష్టం ఉంటేనే రా’ అంటే అది ఇష్టమనిపించుకోదు. ఒక పరీక్ష పూర్తయ్యాక ఒళ్లు కుదుటపడే గడువు కాకముందే ఇంకో ఊళ్లో ఇంకో పరీక్షకు పోయేవాళ్లూ ఉంటారు. అది వాళ్ల ప్రాణానికీ ప్రమాదమే, ఆ ఫలితాల నిజాయితీకీ ప్రమాదమే. పోగొట్టుకున్న కూలికీ బస్సు చార్జీకీ డబ్బివ్వడం న్యాయం. ఒంటిని అద్దెకివ్వడానికి పిలిచే దళారిని ఊళ్లోకి రానివ్వకూడదు.

ఈ బేరం మన నేలకు పాతదే. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పింది హుస్సేన్ ఖాన్ అనే రోగి ఒంటి మీద దోమలను కుట్టించే. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. ఆ దోమ కడుపులోనే ఆగస్టు 20న మలేరియా క్రిమి కనిపించింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఇవాళ ఏటూరునాగారం అడవిలో దోమతెర పంచుతున్న ప్రతి ఆరోగ్య కార్యకర్త పనికీ మూలం ఆ రోజు దగ్గరే ఉంది. హుస్సేన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

హుస్సేన్ ఖాన్ లాగే మనం మరిచినవాళ్లు ఇంకొందరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో అచ్చయిన ఆ వ్యాసంలో 16 మంది పిల్లల సంగతి ఉంది. వాళ్లలో పది మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ తర్వాత తిరగబెట్టింది. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు ఏ మందూ లేదు. అమినోప్టెరిన్‌కు తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు. సుబ్బారావు గారిని తలుచుకునేటప్పుడు ఆ పదహారు మంది పిల్లలనూ తలుచుకోవాలని నాకనిపిస్తుంది. వాళ్లు లేకపోతే ఆ మందు సీసాలోనే ఉండేది.

డాక్టరు ఎందుకు అడగడు?

జ్వరాల కాలంలో పీహెచ్‌సీ డాక్టరు ముందు వరుస వాకిలి దాటి ఉంటుంది. ఒక్కో రోగికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. పైనుంచి అడిగే నివేదికలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, సమావేశాలు. ఈ మధ్యలో ‘మా ఊళ్లో ఈ జబ్బు ఇట్లా ఎందుకొస్తోంది’ అని ఆలోచించే తీరిక ఏది? పరిశోధన పెద్దాసుపత్రుల పని అనుకుంటాడు. నిజానికి ములుగు అడవుల్లో మలేరియా ఎట్లా మారుతోందో, ఏ మందు ఎవరికి పడటం లేదో అందరికంటే ముందు కంటపడేది అతనికే.

బోధనాసుపత్రుల్లో ఇబ్బంది వేరు. అక్కడ పరిశోధన తప్పనిసరి. పీజీకి థీసిస్ కావాలి, ప్రొఫెసర్‌కు పదోన్నతికి వ్యాసాలు కావాలి. పరిశోధన పద్ధతుల మీద ఐసీఎంఆర్ ఆన్‌లైన్ కోర్సును పీజీలకూ అధ్యాపకులకూ తప్పనిసరి చేశారు. మంచి పనే. కానీ తప్పనిసరి అయ్యేసరికి సమ్మతి పత్రం కేస్‌షీట్‌లో ఇంకో కాగితంగా మిగిలిపోతుంది. ‘ఇక్కడ వేలు పెట్టమ్మా’ అన్న మూడు మాటల్లో పని ముగుస్తుంది. ‘చెప్పినా వీళ్లకేం అర్థమవుతుంది’ అన్న మాట డాక్టర్ల నోట వినపడుతూనే ఉంటుంది. విత్తనం ఏ కంపెనీది, ఏ పురుగుకు ఏ మందు, ఎంత మోతాదు అని ఏటా లెక్కలేసి లక్షల అప్పుతో సాగు చేసే రైతుకు, రెండు మాత్రల మధ్య తేడా అర్థం కాదా? చెప్పే తీరులో చెబితే అర్థమవుతుంది.

మూడోది భయం. 2013 తర్వాత దేశంలో నిబంధనలు బిగిశాయి. బిగియాల్సిందే. కానీ కొందరు డాక్టర్లు నేర్చుకున్న పాఠం ‘సరిగా అడుగుదాం’ అన్నది కాకుండా ‘అసలు మనకెందుకు’ అన్నది అయింది. అడగకపోవడం వల్ల ఎవరికీ నష్టం లేదన్న భ్రమ అది.

నష్టం ఎంతో కొవిడ్ రోజుల్లో చూశాం. ప్లాస్మా కోసం కుటుంబాలు ఎంత తిరిగాయో గుర్తుందా? వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి వేడుకోళ్లు, కోలుకున్నవాళ్ల ఇళ్ల ముందు కాళ్లావేళ్లా పడటాలు, అప్పులు. అది పనిచేస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. ఐసీఎంఆర్ 2020 ఏప్రిల్ నుంచి జూలై దాకా దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో ఒక అధ్యయనం చేసింది. సగం మందికి ప్లాస్మా, సగం మందికి మామూలు వైద్యం. జబ్బు ముదరకుండా ఆపడంలోగానీ ప్రాణం కాపాడడంలోగానీ ప్లాస్మా వల్ల తేడా లేదని తేలింది. 2020 అక్టోబరులోనే ఫలితం అచ్చయింది. అయినా 2021 మే దాకా చికిత్స మార్గదర్శకాల్లో ప్లాస్మా ఉంది, రెండో వేవ్‌లో జనం పరుగులు తీస్తూనే ఉన్నారు. అదే సమయంలో బ్రిటన్‌లో మామూలు వార్డు రోగులతోనే చేసిన రికవరీ అధ్యయనం, చవగ్గా దొరికే డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతోందని 2020 జూన్‌లో చెప్పగలిగింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆ మందు మన ఆసుపత్రుల్లోనూ ఎందరినో ఇంటికి పంపింది. ఎక్కడో మంచం మీద ఉండి ‘సరే, నన్నూ లెక్కలోకి తీసుకోండి’ అన్న మనుషుల పుణ్యం అది.

సరిగా అడిగిన చోట

మనవాళ్లు వెనకడుగు వేయని ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. 1996 నుంచి 2000 దాకా ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో కంటిజబ్బుల మీద పెద్ద అధ్యయనం చేసింది. హైదరాబాద్‌తో పాటు ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి పల్లెలు. పిలిచింది 11,786 మందిని. వచ్చి కళ్లు చూపించుకున్నవాళ్లు 10,293. నూటికి 87 మంది! ఊళ్లలో చూపు పోవడానికి కారణాలు ఎంత సులువుగా తొలగించగలిగినవో ఆ లెక్కల వల్లే తేలింది. ఆ సంస్థ తర్వాత పల్లెల్లో నెలకొల్పిన కంటి కేంద్రాలకు ఆ జ్ఞానమే దారి చూపింది.

హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెలది ఇంకా పొడవైన కథ. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ అక్కడ 15 ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా పెట్టింది. మిగతా 14 ఊళ్లలో ఆ కార్యక్రమం అప్పటికింకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి, ఎదిగిన ఆ పిల్లలను వెతికి పట్టుకున్నారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్లవాళ్ల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, షుగర్ వచ్చే లక్షణాలు తక్కువగా కనిపించాయి. 2008లో ఇది ప్రపంచ ప్రఖ్యాత వైద్య పత్రికలో వచ్చింది. ఆ తర్వాత కూడా వాళ్లను, వాళ్ల తల్లిదండ్రులను పలుమార్లు పరీక్షించారు. అంగన్‌వాడీలో పెట్టే గరిటెడు ఉప్మా నడివయసు గుండెజబ్బును దూరం పెట్టగలదేమోనని ప్రపంచాన్ని ఆలోచింపజేసింది రంగారెడ్డి పల్లెల జనం.

ఆదివాసులతో సరిగా చేసిన పని కావాలంటే జార్ఖండ్ వైపు చూడాలి. 2019 నుంచి 2022 దాకా అక్కడి నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగులతో, వాళ్ల ఇళ్లలోని 10,345 మందితో ఒక అధ్యయనం జరిగింది. మందులతో పాటు తిండిగింజలు కూడా ఇస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. రోగి ఇంట్లోవాళ్లందరికీ అదనపు తిండి అందిన చోట వాళ్లకు టీబీ జబ్బు రావడం 39 శాతం తగ్గింది. ఎవరి మీద పరిశోధన చేశారో ఆ ఇంటి పొయ్యి మీదికే ఫలితం చేరింది. ములుగుకు కావాల్సింది ఈ రకం పరిశోధన.

ప్రశ్న ఎవరు వేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. ములుగు ఎమ్మెల్యే సీతక్క 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. వరంగల్, ఖమ్మం జిల్లాలకు వలస వచ్చిన గుత్తికోయల బతుకే ఆమె అంశం. అది వైద్య పరిశోధన కాకపోవచ్చు. కానీ ఒక కోయ ఆడబిడ్డ తన చుట్టూ ఉన్న మనుషుల గురించి తానే ప్రశ్న వేసుకోవడం ఈ జిల్లాకు కొత్త దారి. వైద్యంలోనూ అట్లాంటి పిల్లలు రావాలి.

ములుగు చేయాల్సింది

2024లో ములుగుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, 50 ఎంబీబీఎస్ సీట్లతో. రేపు అక్కడ కూడా పరిశోధనలు జరుగుతాయి, జరగాలి. ప్రతి పరిశోధననూ ముందుగా చూసి అనుమతించే నైతిక సంఘం ఉండాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. కనీసం ఏడుగురు సభ్యులు. కనీసం సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు. న్యాయశాస్త్రం తెలిసిన ఒకరు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి తప్పనిసరి. ఆ మామూలు మనిషి కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది ములుగుకు ప్రాణం వంటి సంగతి. పట్నం నుంచి ఏ రిటైర్డ్ అధికారినో తెచ్చి కూర్చోబెడితే కాగితం నిండుతుంది, అంతే. తాడ్వాయి నుంచో కన్నాయిగూడెం నుంచో కోయ భాష మాట్లాడే ఒక ఆడమనిషికి ఆ కుర్చీ వేయండి. సమ్మతి పత్రం చదివి వినిపించినప్పుడు ఆమెకు అర్థం కాకపోతే ఆ పత్రం మళ్లీ రాయండి. గుత్తికోయ గూడేల్లో పెద్దవాళ్లకు తెలుగు కాగితం చదివితే సరిపోదు. వాళ్ల మాటలో చెప్పగల మనిషి కావాలి.

డాక్టర్లకు ఒక మనవి. పరిశోధన అయిపోయాక ఏం తేలిందో ఆ ఊరికి పోయి చెప్పండి. ఏమీ తేలకపోయినా అదే చెప్పండి. గ్రామసభలో పావుగంట చాలు. వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయితే గూడెం దాకా రాదు. ఆ పావుగంట మాట వస్తుంది, మీ తర్వాత వచ్చే డాక్టరుకు తలుపు తెరుస్తుంది.

ఇక పాఠకులకు. రేపు మిమ్మల్నో మీ ఇంట్లోవాళ్లనో ఎవరైనా పరిశోధనలో చేరమని అడిగితే ఊరికే కాదనకండి, ఊరికే ఔననకండి. ఇది నా చికిత్సా, మీ పరిశోధనా అని అడగండి. నాకు జరిగే మేలేంటి, రాగల కీడేంటి, నా వివరాలు ఎవరు చూస్తారు, ఫలితం నాకు చెబుతారా అని అడగండి. చదవడం రాకపోతే ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలన్నది నిబంధన. చేరినంత మాత్రాన కట్టుబడిపోరు. ఎప్పుడైనా బయటికి రావచ్చు, కారణం చెప్పనక్కర్లేదు, దానివల్ల మీ వైద్యం ఆగకూడదు. మందు ప్రయోగం వల్ల ఒంటికి హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. సంతకం పెట్టిన కాగితం నకలు మీ చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, ఇంట్లో దాచుకోండి.